సరోజన గుద్దు

కోరుట్లల సరోజన గుద్దు సంగతి ఎవలనడిగినా చెప్తరు. గుద్దు తిన్నోడు ఎగిరి మెట్‌పల్లిల పడ్డడని కొందరు, మళ్ల లేస్తే నిర్మల్ కనవడ్డదని ఇంకొందరు. అసలు ముచ్చట గిది.

సరోజన పహిల్వానేం కాదు. బీర్పూర్ కూలోళ్ల బిడ్డ, నాట్లేసి నాట్లేసి నడుం గట్టిపడ్డది. ఆటిజం ఉన్న పెద్దోళ్లు, బుద్ధి ఎదగనోళ్లు ఉండే హాస్టల్ల ఆయా. అండ్ల పోచయ్యకు ముప్పై ఏండ్లు, మాట రాదు, ఏనుగంత బలం. సిరిసిల్లల వాళ్లన్న ఆయన్ను బట్ట నేసే సాంచల షెడ్డుల గొలుసేసి కట్టేసెటోడు. ఇన్‌చార్జి నరేందర్ సారు ముందే చెప్పిండు: "ఇంకోపారి బయటోళ్ల మీద చెయ్యి లేస్తే వాళ్లన్నకు ఫోన్ జేస్త. తీస్కపోతడు."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్నది. పోచయ్య ఫిట్స్ గోలీలు అయిపోయినయి. మనిషిని చూడంది డాక్టరు రాయడు. బస్సుల్లేక సరోజన ఆయన్ను ఆటోల జగిత్యాలకు తీస్కపోయింది.

నడిమిట్ల వంటా-వార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు, గుండిగలు, జెండాలు. ఆ దినాలల్ల ఉద్యమం బువ్వ తినకుంట దాటిపోతే తప్పు. విస్తరేసి కూసోబెట్టిండ్రు.

పోచయ్యకు అన్నం వేరే, పప్పు వేరే. రెండూ తాకినయంటే పానం మీదికి వచ్చినట్టే.

"పప్పు పక్కకు పొయ్యి అన్నా," అనబోయింది సరోజన. వడ్డించేటోడు కథలాపూర్ జలపతి, ట్రాక్టరంత మనిషి. "సిగ్గువడకు తమ్మీ, కడుపునిండ తిను," అనుకుంట రెండు గంటెలు అన్నం మీదనే గుమ్మరిచ్చిండు.

విస్తరి ఎగిరింది. ఎనకనే పోచయ్య పిడికిలి. జలపతి ముక్కు పటుక్కుమన్నది, నెత్తురు గుండిగల పడ్డది.

"ఉద్యమం బువ్వ తంతవురా? పోలీసోళ్ల మనిషివా?" అని చుట్టున్నోళ్లు ఎగవడ్డరు.

జెండా కట్టెలు లేచినయి. మొదటి దెబ్బకే పోచయ్య నెత్తి పగిలింది. ఆయన కింద పడి, తన తలకాయ తనే తారుకేసి కొట్టుకుంట బొబ్బపెట్టిండు.

గిట్లయితే హాస్టల్ల ఆయన మీద నాలుగు బొంతలేస్తరు. బరువు పడితే నిమ్మలమైతడు. రోడ్డు మీద బొంత ఎక్కడిది? సరోజననే మీద పడ్డది. ఆయన నొసలుకు, తారుకు నడుమ చెయ్యి పెట్టింది. కిందికెళ్లి ఆయన తలకాయ ఆమె వేళ్లను నలగ్గొట్టుతుంటే, పైకెళ్లి కట్టెలు ఆమె వీపు పగలగొట్టినయి. కట్టెలు మూడు ఇరిగినయి. ముప్పై అనెటోళ్లు సుత ఉన్నరు. కొద్దిసేపటికి పోచయ్య చప్పుడు బందైంది. కట్టెలూ ఆగినయి.

"సచ్చిండారా?" అన్నడొకడు.

"నిమ్మలమైండు. మీ కొట్టుడు అయిపోతే నీళ్లు తేండ్రి," అన్నది సరోజన.

జగిత్యాల దవాఖానల ఇద్దరికీ కుట్లువడ్డయి. గోలీలు సుత దొరికినయి.

తెల్లారి జలపతి ముక్కుకు పట్టీతోని హాస్టల్‌కు ఫిర్యాదుకు వచ్చిండు. నరేందర్ సారు ఫోన్ చేతులవట్టుకొని అడిగిండు, "ఎవలు కొట్టిండ్రు?"

"నేనే సార్," అన్నది సరోజన, వాచిన చెయ్యి ముందల పెట్టి.

జలపతి నోరు తెరిచిండు. ఆడామె చేత తన్నులు తిన్నడంటే కథలాపూర్ల తల ఎట్లెత్తుకోవాలె?

"చెప్పు అన్నా, నేనా కాదా? లేకుంటే నా వీపు సుత సారుకు చూపెట్టాల్నా?"

జలపతి ఆమె వేళ్ల దిక్కు చూసిండు. అవి గుద్దితే వాచిన వేళ్లు కావని ఆయనకెరికే.

"ఔ సార్. గీ అక్కనే. గాడిద తన్నినట్టు గుద్దింది."

నరేందర్ సారు ఫోన్ జేబుల వేసుకున్నడు.