నేరేడు రంగు పడవ

పోయిన నెల నా కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పగానే మొదట కనబడింది మా ఆవిడే. "ఏటే, కొత్త సీర కట్టినావు, ఎవుడి పెళ్ళికి?" అన్నాను. "నీ మొకం, మూడేళ్ళ నుంచీ కట్టుకుంతన్న సీరే ఇది," అంది. మూడేళ్ళుగా ఆ చీర నాకు ఆవపిండి రంగులో కనబడింది. ఇప్పుడు చూస్తే మల్లెపువ్వులా ఉంది. కుడికన్ను మూస్తే ఆవపిండి, ఎడమకన్ను మూస్తే మల్లెపువ్వు. ఆ సాయంత్రమంతా వాకిట్లో కూర్చుని కన్ను మార్చి కన్ను మూస్తుంటే, నేను కన్నుకొడుతున్నానని ఎదురింటావిడ మా ఆవిడకి ఫిర్యాదు కూడా చేసింది. ఈ వయసులో అంత పేరు రావడం నాకు సంతోషంగానే ఉంది.

నేను టెక్కలిలో పెయింటర్ని. చిన్నప్పుడు బళ్ళో అక్షరాలు నా చెవి మెలిపెట్టాయి. పెద్దయ్యాక గోడల మీద నేను వాటి చెవి మెలిపెట్టాను. ఫ్లెక్సీలు వచ్చి గోడల పని పోయాక నాకు పడవలు మిగిలాయి. ఇప్పుడు వచ్చిన అనుమానం ఏమిటంటే, ఈ ఆవపిండి కళ్ళతో ఇన్నాళ్ళూ వాటికి నేనేం పూశాను? వజ్రపుకొత్తూరు అవతల తీరంలో రెండేళ్ళ కిందట ఒక పడవకి ఆకాశపు నీలం వేశాను. నా చేతి పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. వచ్చే వారం ఎడమకంటికీ ఆపరేషన్ ఉంది. అదీ అయిపోతే, అప్పుడు నేను చూసిన ఆ నీలం ఇంక నాకు కనబడదు. సరిగ్గా అప్పుడే ఆ పడవ వాళ్ళ ఇంటావిడ పార్వతి ఫోన్ చేసింది. వేట నిషేధం కదా, పడవ ఒడ్డునే ఉంది, మళ్ళీ రంగు వెయ్యాలి, డబ్బాలు పట్టుకుని రమ్మంది. "ఎల్లు, రంగు తప్పని తేలితే కుంచె అటకెక్కించీ," అంది మా ఆవిడ. సరేనని పందెం కట్టేశాను. మాట తూలడంలో నాకు చూపు ఎప్పుడూ మందగించలేదు.

టెక్కలి బస్టాండులో ఆరున్నరకి పలాస వైపు బస్సు ఎక్కాను. గంట లోపు ప్రయాణం, టికెట్టు ఓ టీ, రెండు దోసెల ఖర్చు. ఆడవాళ్ళకి ఉచితం కనుక సీట్లన్నీ వాళ్ళవే. నేను ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్లకళ్ళజోడుతో నిలబడి ముసలి రాయితీ అడిగితే, కండక్టరు "ఆధార్ కార్డు సూపించు తాతా," అన్నాడు. "నా మొకం సూత్తే సాల్దేటి?" అన్నాను. "నల్లకళ్ళజోడెట్టుకుంటే కుర్రోడిలాగున్నావు మరి," అన్నాడు. ఆ మాటకి పూర్తి టికెట్టు కొనేద్దామా అనిపించింది గానీ, నిగ్రహించుకుని కార్డు తీశాను. దారి పొడుగునా కళ్ళజోడు పైకెత్తి కళ్ళు మార్చి మార్చి చూశాను. జీడితోటలు ఎడమకంటికి ఎండుగడ్డి, కుడికంటికి చిలకరెక్క. ఒక టికెట్టు మీద రెండు ప్రయాణాలు.

కాశీబుగ్గలో దిగగానే జీడిగింజలు కాలిన వాసన గొంతుకి తగులుతుంది. అక్కడ టీ తాగి, రంగుల కొట్టులో నీలం ఎనామిల్ ఒకటి, తెలుపు ఒకటి, చిన్న ఎర్రడబ్బా ఒకటి తీసుకున్నాను. నీళ్ళ సీసా కూడా. ఈ ఉద్దానం వైపు వెళ్ళేవాళ్ళెవరూ ఖాళీ చేతుల్తో వెళ్ళరు, అక్కడి నీళ్ళు తాగితే కిడ్నీలు పోతాయని ఇక్కడ అందరికీ భయమే. వజ్రపుకొత్తూరు దాకా షేర్ ఆటోలు పొద్దున్న పదింటి వరకూ వెంటవెంటనే దొరుకుతాయి. అక్కణ్ణించి ఒడ్డుకి వెళ్ళాలంటే డ్రైవరుతో మాట్లాడుకుని ఇంకొంచెం ఇవ్వాలి. నాకు దొరికిన డ్రైవరు ముప్పై ఏళ్ళవాడు, నోరు ఊరుకోదు.

"ఎక్కడికి తాతా, నల్లకళ్ళజోడెట్టుకొని? సినిమా సూటింగేటి?"

"పెళ్ళిసూపులకిరా. పిల్ల బాగుంటే నీకే సేసీస్తాను."

"నాకైపోనాది తాతా. ఇద్దరు పిల్లలు."

"అందుకేనా ఆటో ఇంత మెల్లగ తోల్తన్నావు? ఇంటికెల్లాలని నేదేటి?"

వెనకాల సీట్లో ఉన్న ఇద్దరాడవాళ్ళు పడీపడీ నవ్వారు. వాడు కాస్త వేగం పెంచి, ఏ ఊరు, ఎవరిల్లు అని అడిగాడు. పార్వతి పేరు చెప్పాను.

"ఓ, నేరేడుపడవోల్లింటికా!"

"నేరేడేటిరా, అది నీలం పడవ. నానే ఏసినాను."

వాడు అద్దంలో నన్ను ఒకసారి, నా కళ్ళజోడుని ఒకసారి చూశాడు. "నీలమేటి తాతా. సిన్న గుంటల్నడిగినా సెప్తారు, నేరేడే," అన్నాడు. అంతే, మిగిలిన దారంతా నాకు హాస్యం రాలేదు. కొబ్బరితోటలు అటూ ఇటూ పోతున్నాయి. నేను మాత్రం అటకమీద దుమ్ము పట్టిన కుంచెని చూస్తున్నాను.

ఒడ్డున పడవలన్నీ ఇసకలోకి లాగి పెట్టి, కొబ్బరాకులు కప్పి ఉన్నాయి. పార్వతి ఎదురొచ్చింది. నలభై దాటినావిడ, నన్ను వరస కలిపి మావా అంటుంది. వాళ్ళాయన నీడలో కూర్చుని వల అల్లుకుంటున్నాడు. పడవ రంగు ఎండకీ, ఉప్పునీటికీ బూడిదై, కుడికంటికీ ఎడమకంటికీ ఒకేలా ఏడుస్తోంది. ముందు భాగంలో తాళ్ళ చుట్ట ఉంటే పక్కకి లాగాను. దాని కింద అరచెయ్యంత మేర, వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కళ్ళజోడు తీశాను. ఎడమకంటితో చూశాను: నా ఆకాశం, నా నీలం. కుడికంటితో చూశాను: నేరేడుపళ్ళు నలిపి పూసినట్టుంది. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. ఇసకలో చతికిలబడ్డాను.

"ఒలే కోడలా, నీలమెయ్యమంటే నేరేడేసీసినాను. అప్పుడే సెప్పలేదేటే?"

"సెప్దారనే అనుకున్నాను మావా. మొదటి రోజు ఏడుపొచ్చింది. మా ఆయన గోకీద్దారన్నాడు. మర్నాడు ఏటకెల్లి తిరిగొత్తంటే ఒడ్డున నిలబడి సూసినాను. అందరి పడవలూ నీలాలూ ఆకుపచ్చలే, నీటిలో కలిసిపోతన్నాయి. మాదొక్కటీ కెరటం మీద పండు తేల్తన్నట్టు కనబడిపోనాది." ఆవిడ సముద్రంకేసి చెయ్యి చూపించింది. "మబ్బేసిన రోజు ఒడ్డున ఆడోల్లం ఎలగుంతామో నీకు తెలుసా? పడవ కనబడతాది గాని, ఎవులిదో తెల్దు. అది ఒడ్డెక్కేదాకా అందరం మెడలు సాపుకొని సూత్తానే ఉంతాం. నాకు మాత్రం ముందే తెలిసిపోతాది, ఈడొచ్చీసినాడని. ఇప్పుడూ అదే ఎయ్యాలి మావా. అది కాకపోతే ఒద్దు."

వల దగ్గర్నించి వాళ్ళాయన "నాను కనబడ్డానికి కాదు మావా, తాగొచ్చినప్పుడు దాక్కోడానికి నేకుండా సేసినావు," అన్నాడు.

నవ్వాను గానీ, లోపల కంగారే. ఆ రంగు నేను వేశానని తెలిసింది, ఎలా వేశానో తెలీదు. మంచి కన్నుతో కలపడం మొదలుపెట్టాను. నీలం పడగానే కొత్త కన్ను "చాలు, చాలు" అంటుంది. ఇంకా పోస్తే సిరా అవుతోంది, ఎరుపు చుక్క పడితే వంకాయ అవుతోంది. ప్రతిసారీ కొంచెం తీసి తాళ్ళ కింది రంగు పక్కన పూస్తే, పెళ్ళిపందిట్లో పిలవని చుట్టంలా వేరుగా నిలబడుతోంది. పార్వతి తల అడ్డంగా ఊపుతోంది. నా ఆపరేషన్ సంగతి విన్న వాళ్ళాయన మాత్రం "కన్ను బాగుపడి పని పాడైపోనాది," అన్నాడు.

ఆ మాట దగ్గరే ఆగాను. నిజమే కదా! ముసలి కన్నుకి నీలం ఆకుపచ్చగా కనబడేది. ఆ పచ్చదనాన్ని చంపడానికి అప్పుడు ఎరుపు వేసుకుంటూ పోయాను, నీలం చాలలేదని నీలం పోసుకుంటూ పోయాను. నేను నేరేడు కలపలేదు. ఆకాశం కలిపాను. కుడికన్ను అంతసేపూ మూసి ఉంచుదామంటే కాసేపటికే తెరుచుకుపోతోంది, అందుకని వాళ్ళాయన ఉతికిన తువ్వాలు తెచ్చి నా తలకి అడ్డంగా కట్టాడు. ఆవపిండి కన్ను ఒక్కటే మిగిలింది. నేరేడు సంగతి మర్చిపోయి, నా మనసులో ఉన్న ఆకాశం వచ్చేదాకా కలిపాను. వచ్చింది. పుల్లతో తీసి పాత రంగు పక్కన రాశాను.

"ఏటే, ఉందా?"

తువ్వాలు పైకి తోసి చూశాను. పార్వతి వేలితో ఆ రాసిన చోటు వెతుక్కుంటోంది. రెండూ కలిసిపోయాయి.

వాళ్ళాయనా నేనూ కలిసి పడవకి ఆ రంగు పూసేసరికి మధ్యాహ్నమైంది. పార్వతి ఎండు నెత్తళ్ళ చేపలూ వంకాయా కూర పెట్టింది. వేట లేని రోజుల్లో ఒడ్డున దొరికేది అదే, దానికి తిరుగు లేదు. అన్నం తిన్నాక మిగిలిన రంగులూ, పుల్లా ఆవిడ చేతికిచ్చాను. "వచ్చే ఏడుకి నా రెండు కళ్ళూ బాగుంతాయి. అప్పుడు నాను దీనికి పనికిరాను. నువ్వే కలుపు, నాను కూకొని తిడతాను," అన్నాను. ఆవిడ మూడుసార్లు పాడు చేసింది, నేను మనస్ఫూర్తిగా తిట్టాను, నాలుగోసారి కుదిరింది. నాలుగు దాటితే ఆటోలు పలచబడతాయి కనుక మూడున్నరకే బయల్దేరాను. బయల్దేరే ముందు మా ఆవిడకి ఫోన్ చేశాను.

"రంగు తప్పేనే."

"అయితే కుంచె అటకెక్కించు."

"ఆ తప్పే మళ్ళీ ఎయ్యమని నెత్తళ్ళ కూరతో అన్నం పెట్టి మరీ పంపిత్తన్నారు. ఏటి సెయ్యమంటావు?"

"నెత్తళ్ళు ఇంటికి కూడా తెత్తన్నావా, అక్కడే తినీసినావా?" అంది. పందెం సంగతి మళ్ళీ రాలేదు.

ఆటో వచ్చేలోగా సముద్రాన్ని ఎడమకంటితో చూశాను. ఆకుపచ్చగా, మసకగా, కాస్త మురికిగా ఉంది. ఈ మసక సముద్రాన్నే ఇన్నేళ్ళూ నేను బాగుందనుకున్నాను. అది అబద్ధం అనడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే అదే మసక కన్నుతో వేసిన రంగుని చూసే ఒక మనిషి, తన మనిషి తిరిగొస్తున్నాడని తెలుసుకుంటోంది. వచ్చే వారం ఆ కన్నూ బాగుపడుతుంది. బాగుపడనీ. చూడవలసింది చూసేశాను, ఇవ్వవలసింది పార్వతికి ఇచ్చేశాను.

మీ ఇంట్లో ఎవరికైనా శుక్లాల ఆపరేషన్ ఉంటే ఒక్క మాట. ఒక కన్ను అయ్యి, రెండో కన్ను కాకముందు, డాక్టరుగారు బయట తిరగొచ్చన్నాక, నల్లకళ్ళజోడు పెట్టి ఒక రోజు ప్రయాణం పంపండి. ఎక్కడికో కాదు, వాళ్ళు తమ చేత్తో చేసిన పని ఎక్కడుందో అక్కడికి. తువ్వాలు ఒకటి చేతికివ్వడం మర్చిపోకండి.