స్వామి గుండుకు తగిలిన సెగ

మొన్న మిట్టమధ్యాహ్నం మా పెరట్లో బట్టలుతికే బండ కాలిపోతోందని బిందెడు చల్లని నీళ్ళు గుమ్మరించాను. టప్పుమని చప్పుడయింది. చూస్తే అరచేతి వెడల్పు పొర ఒకటి అప్పడంలా లేచి ఉంది. ఒక్క బిందె నీళ్ళకు బండ పగులుతుందా? ఎన్ని ఎండలకు ఉబ్బి, ఎన్ని వానలకు ముడుచుకుని లోలోపలే వదులైపోయిందో, నా బిందె చివరిది, అంతే. ఆ పొర చేత్తో పట్టుకుని నిలబడితే మా అత్తగారు గుర్తొచ్చారు.

మేముండేది కేజీఎఫ్‌లో. అత్తగారిది టేకల్ దగ్గర పల్లె. రైలు దిగి ఎటు చూసినా ఒకదాని మీద ఒకటి నిలబడ్డ రాతిగుండ్లే. ఊరి బయట పెద్ద గుండుకు ఆంజనేయస్వామిని చెక్కి ఉన్నారు. శ్రావణ శనివారం ఊరంతా అక్కడే పొంగలి పెడుతుంది. గాలికి మరుగుగా ఉంటుందని పొయ్యిలన్నీ గుండుకు ఆనించే పెట్టేవారు. పొంగలి దించగానే, పాపం స్వామికి సెగ తగిలిందని, బావినీళ్ళు బిందెలతో పోసి చల్లబరిచేవారు.

ఒక ఏడు పొంగలికి ముందు స్వామి తోక కొస పలకగా ఊడి కింద పడింది. శాంతి చేయించాలన్నారు ఊరివాళ్ళు. అత్తగారు మాత్రం గుండుకు చెవి ఆనించి, చిన్న రాయితో తట్టుకుంటూ వెళ్ళారు. ఒకచోట గట్టిగా పలికింది, ఒకచోట డొల్లగా. స్వామి చెంప పక్కన కూడా డొల్లే. ఆమె పుట్టింటివాళ్ళు కొండ మీద పలకలు తీసేవాళ్ళు. పరుపుబండ మీద కట్టెలు పేర్చి కాలిస్తే పై పొర ఉబ్బి, కింది బండను వదిలేసి లేచి వస్తుందట.

"మా నాయనోళ్ళు బండ పగలాలని చేస్తా ఉన్న పని, మీరు స్వామికి మొక్కు అని చేస్తా ఉండారు కదప్పా," అన్నారు మరిదితో. ఆ చిన్నమామగారిదే పొంగలి పెత్తనం.

"తాతల కాలం నుంచి ఇట్లే చేసినాము వదినా. ఇప్పుడేమొచ్చె?"

"తోక పోయినాది. ఇంగ మొగం పోతే యాడ తెస్తావు?"

ఆయన వినలేదు. పొంగలి నాడు అత్తగారు అందరికంటే ముందే వెళ్ళి, పొయ్యిలు పెట్టే చోట, గుండుకు వీపు ఆనించి కూర్చున్నారు. పెదవుల మీద రామనామం. కుండలతో వచ్చినవాళ్ళు ఆగిపోయారు.

"లెయ్ వదినా, పొద్దెక్కతా ఉండాది."

"నేను లెయ్యను. నన్ను కూడా బియ్యంలో ఏసి ఉడకబెట్టు."

"అక్క ఉడకల్లంటే బండెడు కట్టెలు కావల్ల!" అని ఒకామె అందుకుంది. అందరూ గొల్లుమన్నారు. చిన్నమామగారికీ నవ్వాగలేదు, నవ్వాక ఇక కోపం నిలవలేదు. పొయ్యిలు దూరంగా బయలులో పెట్టించారు. "గాలికి ఉడక్కపోతే అంతా నువ్వే తినల్ల, చెప్పినా!" అన్నారు.

అన్నట్టే గాలి లేచింది. మంటలు పక్కకు వాలిపోయి, పొంగలి పైన పలుకు, అడుగున మాడు. అత్తగారు ఆకు నిండా పెట్టించుకుని, కళ్ళకద్దుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నారు. మరుసటేడు పొయ్యిలకు గాలి తగలకుండా తానే తడికలు అల్లి తెచ్చారు.

ఆమె పోయారు. పొయ్యిలు ఇప్పటికీ దూరంగానే ఉన్నాయి. పోయిన శ్రావణంలో వెళ్ళినప్పుడు చెంప పక్కన తట్టి చూశాను. డొల్ల ఉంది, కానీ చెంప ఊడలేదు. అటువంటి మనిషి చేతికింద కాపురం చేసినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. వానలకు స్వామి ముక్కు మాత్రం కొంచెం నునుపుదేరింది. తడిమితే సన్నని ఇసుక వేలికంటింది. గుండు మొదట్లో అదే ఇసుక మట్టయి, గరిక పచ్చగా మొలిచి ఉంది. రాయిని మన్ను చేయడం కాలానికి దేవుడు అప్పగించిన పని; అది నిదానంగానే చేసుకుంటుంది, మనం కట్టెలు అందించకపోతే చాలు.