మథుర అక్క నేర్చుకున్న తెలుగు

నేను విజయనగరంలో పి.యు.సి. చదివే రోజుల్లో మా ఇంటి రెండో వాటాలో ఒక రైల్వే ఉద్యోగి అద్దెకుండేవాడు. ఆయనది మథుర. ఆ ఏడు ఆయన చెల్లెలు వచ్చి అన్నగారి దగ్గర ఉంది. బి.ఏ. చదివి, టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేసిన మనిషి. నేను అక్కా అనేదాన్ని.

ఢిల్లీలో కేంద్ర విద్యాశాఖ కొత్త విధానం ప్రకటించిన కాలమది. మన పిల్లలు హిందీ చదవాలి, హిందీ రాష్ట్రాల పిల్లలు ఒక దక్షిణాది భాష చదవాలి. ఆ రెండో మాటను అక్క మనసారా నమ్మింది. తమ ఊరి బళ్లకు తెలుగు టీచర్లు కావలసి వస్తారని, ఆ ఉద్యోగం తనదేనని పలక పట్టుకుని మా నాన్న దగ్గరకు వచ్చింది. నాన్న హైస్కూల్లో తెలుగు పండితుడు.

"నేర్పుతానమ్మా. కానీ ఢిల్లీవాళ్లు దారి చూపిస్తారు, కొంత సాయం చేస్తారు. బడి నడిపేది రాష్ట్రం. మీ రాష్ట్రం ఒప్పుకోవాలి కదా" అన్నాడు నాన్న.

నేను వచ్చీరాని హిందీలో ఆ మాట అక్కకు చెప్పాను. "ఎందుకు ఒప్పుకోరు?" అని నవ్వేసింది.

సాయంత్రాలు అరుగు మీద నాన్న గుణింతాలు, సంధులు చెప్పేవాడు. మాట్లాడటం మాత్రం అక్క వంటింట్లో మా అమ్మ దగ్గరే నేర్చుకుంది. అమ్మ పుట్టిల్లు భోగాపురం వైపు పల్లె. "ఒసే గుంటా, అలా నిలబడిపోనావేటి? ఇలాగొచ్చి కూకో, ఈ ఆనపకాయ తరుగు" అని పని చెబుతూనే ఉండేది. అక్క తరుగుతూ ప్రతి మాటా పైకి అనుకునేది.

ఒకరోజు హెడ్మాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. అక్క ఎదురెళ్లి "రండి మేస్టారూ, కూకోండి. ఏటి తాగుతారు?" అంది. నాన్న తల పట్టుకున్నాడు. "కూర్చోండి అనాలమ్మా!"

"కూకోమంటే ఆయన కూకోనేదేటి?" అంది లోపల్నుంచి అమ్మ.

హెడ్మాస్టరుగారు పగలబడి నవ్వారు.

వేసవిలో అన్నగారికి బదిలీ అయింది. అక్క మథుర వెళ్లిపోయింది. ఆ వాటాలోకి వేరేవాళ్లు వచ్చినా, కాలేజీ నుంచి రాగానే నా కళ్లు అటే పోయేవి. కంచాలు పెట్టేటప్పుడు అమ్మ ఉన్నట్టుండి ఆగేది. "ఆ గుంట అక్కడ ఏటి తింటందో."

తర్వాత కొన్నేళ్లకు నేను లెక్చరరునై, విద్యార్థినులతో ఢిల్లీ యాత్రకు వెళ్తూ మథురలో దిగాను. అక్క ఆడపిల్లల బళ్లో పనిచేస్తోంది. చెప్పేది సంస్కృతం. మూడో భాషగా అక్కడ అదే పెట్టారట. తెలుగు పెట్టనే లేదు.

"మీ నాన్నగారు చెప్పినట్టే అయింది. చదవడం వస్తోంది. మాటే పోతోంది. ఎవరితో మాట్లాడను?" అంది. చాయ్ చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, "ఏదో ఒకటి సెప్పు. ఆపకు" అంది.

క్లాసులో పాఠాలు చెప్పీ చెప్పీ నా మాట పుస్తకాల్లోకి పోయి చాలాకాలమైంది. ఆ రోజు మాత్రం అమ్మలాగే మాట్లాడాను. వానల గురించి, నరసన్నపేట బస్సులో తొక్కిసలాట గురించి, నాన్న కళ్లజోడు గురించి. అక్క కళ్లు మూసుకుని విన్నది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని అడిగింది. "మా బడికి తెలుగు ఎప్పటికైనా వస్తాదంటావా?"

"వస్తాది" అన్నాను. నాకా నమ్మకం లేదు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "దాన్ని తోడుకొచ్చీలేకపోనావేటే" అంది.

మళ్లీ అటు వెళ్లే వీలు నాకు చిక్కలేదు.