భాయి విలువ ఒకటి

పోయిన నెల మా అక్క అల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి అక్క ఇంట్లో రెండు రోజులున్నాడు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. పొద్దున్నే చాయ్ పక్కన పెట్టుకొని, అది చల్లారిపోతున్నా చూసుకోకుండా ఫోన్లో తెగ వెతుకుతుంటే, "ఏంది అల్లుడూ, గంత ఫికర్?" అని అడిగాను. అమెరికాలో జరిగే బాస్కెట్‌బాల్ పోటీల మీద వాళ్ల ఆఫీసు స్నేహితులంతా కలిసి ఒక ఆట ఆడుకుంటారట. అక్కడ నిజంగా ఆడేవాళ్లను ఇక్కడ వీళ్లు తలా కొందరిని తమ జట్టుగా ఏరుకోవడం, అక్కడ వాళ్లు బంతి వేస్తే ఇక్కడ వీళ్లకు పాయింట్లు రావడం. "మస్తు మోక దొరికింది చిన్నత్తమ్మా," అన్నాడు హుషారుగా. "ఒక జట్టుల అసలు సెంటర్‌కు మోకాలు పోయింది. వాని ఎనక బెంచి మీద కూసునేటోడు ఒకడున్నడు. నిన్నటిదాంక వాన్ని ఎవ్వలు ముట్టలే. ఇయ్యాల వాని విలువ ఎట్ల లేసిందో చూడు!" నేను పెనం ముందు అట్లనే నిలబడిపోయాను. దోశ మాడిన వాసనకు అక్క లోపలి నుంచి కేకేసేదాకా తెలివి రాలేదు. అల్లుడి తప్పేమీ లేదు. తన మామగారిని అతను గోడ మీది ఫోటోలో తప్ప చూడలేదు. ఆ ఫోటోలో మోకాళ్లు కనపడవు.

ఎనభైల మధ్యలో మేము మహబూబ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఇంటి వెనక గోడకు ఆనుకొనే గ్రౌండు, అందులో సిమెంటు వేసిన బాస్కెట్‌బాల్ కోర్టు. ఒక సర్కారు శాఖకు జట్టు ఉండేది. ఆడేవాళ్లకు ఆ శాఖలోనే కొలువులిచ్చేవారు. పొద్దున పోయి సంతకం పెట్టడం, సాయంత్రం వచ్చి ఆడడం, అదే వాళ్ల బతుకుదెరువు. ఆ జట్టులో సెంటర్, అంటే రింగు కింద నిలబడి పైనుంచి వచ్చే ప్రతి బంతినీ అందుకోవలసిన పొడుగు మనిషి, మా బావ. అక్క పెనిమిటి. పెళ్లయ్యాక ఇద్దరూ మాతోనే ఉండేవారు. నారాయణపేటలో మగ్గాల ఇంట్లో పుట్టాడు. గుంట మగ్గంలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవట. "వీడు నేసేటోడు గాదు, వీనికి గుంట తవ్వాలంటే బాయి తవ్వినట్టే," అని వాళ్ల నాయిన చదువుకు పంపాడట. అట్లా కాళ్లు పట్టక ఆటలోకి వచ్చాడని అక్క నవ్వేది. బావ ఎగిరి బంతి అందుకుంటుంటే గోడమీద కూర్చుని చూసే మాకు, ఆ మనిషి కిందికి రావడం ఒక క్షణం మరిచిపోయాడేమో అనిపించేది.

బావ వెనక ఇంకొక సెంటర్ ఉండేవాడు. మా ఇంటి వెనక పోర్షన్‌లో కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుట్టే ఆమెను మేము ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఆమె కొడుకే అతను. ఊరు ఆత్మకూర్. మేమంతా భాయి అనే పిలిచేవాళ్లం. బావ కంటే నాలుగు వేళ్లు ఎత్తు, కానీ సన్నం. గాలికి ఊగే జొన్న కర్ర లెక్క ఉండేవాడు. బంతి చేతికి వస్తే వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. బావకు చెమట తుడుచుకునే తువ్వాల అందించడం, నీళ్లివ్వడం, తర్వాత బెంచి మీద కూర్చోవడం, ఇదీ అతని పని. కొలువు టెంపరరీ. పెద్ద పోటీలో దిగి నాలుగు బంతులు వేస్తే పర్మినెంట్ చేస్తామని పైవాళ్లు మాట ఇచ్చారు. కానీ బావ ఉండగా అతన్ని దింపేదెవరు? ఖాలా రోజూ సాయంత్రం మిషను ఆపి, "ఇయ్యాలన్న ఆడిచ్చిన్రా బేటా?" అని అడిగేది. గోడ ఇవతలికి ఆ ప్రశ్న వినిపించేది. జవాబు వినిపించేది కాదు.

అల్లుడు ఇప్పుడు ఫోన్లో ఆడుతున్న ఆటను మా చిన్నాయన ఆ రోజుల్లోనే రెండు వందల పేజీల నోటుపుస్తకంలో కనిపెట్టాడు. డిగ్రీ అయిపోయి, కొలువు రాక, పేపరు చివరి పేజీని రోజుకు మూడుసార్లు చదివే మనిషి. లోకంలో ఎవరికైనా ఒక అంకె వేయగలనని ఆయన ధీమా. మా అవ్వకు కూడా వేశాడు: వంటకు నలభై, నోటికి తొంభై. ఆ అంకె విని అవ్వ ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు. చిన్నాయన, అన్న, నేను, ముగ్గురమే ఆడేవాళ్లం. జట్టులో ప్రతి మనిషికీ చిన్నాయన ఒక విలువ కట్టేవాడు. ముప్పై విలువకు మించకుండా తలా ముగ్గుర్ని ఏరుకోవాలి. వాళ్లు మ్యాచిలో ఎన్ని వేస్తే మనకు అన్ని పాయింట్లు. బావ విలువ ఇరవై. ఆయన్ని ఎప్పుడూ చిన్నాయనే తీసుకునేవాడు. నేను అందరికంటే చిన్నదాన్ని, పద్నాలుగేళ్లు. చివరికి మిగిలినవాళ్లే నాకు. అట్లా ప్రతిసారీ భాయి నా పాలిట పడేవాడు. భాయి విలువ ఒకటి.

ఒకరోజు నేను అరుగు మీద పుస్తకం తెరిచి కూర్చుంటే భాయి వంగి చూశాడు. తన పేరు గుర్తుపట్టాడు. "నాకెంత ఏసిన్రు చెల్లే?" అన్నాడు. నేను చప్పున అరచేయి అడ్డం పెట్టి, "పది," అన్నాను. అతను కాసేపు నమ్మనట్టు నన్నే చూసి, "గంతనా? మా కోచ్ సారు గూడ గంత ఎయ్యడు," అని నవ్వుకుంటూ పోయాడు. ఆ సాయంత్రం ఖాలాతో ఆ మాట చెప్పినట్టున్నాడు. మర్నాడు ఆమె నా పాత లంగాకు అడగకుండానే కొత్త అంచు వేసి ఇచ్చింది. ఆ లంగా తొడుక్కోవడానికి నాకు మనసు రాలేదు.

ఆ ఏడు మా జట్టు ఫైనలుకు వచ్చింది. ఆట నల్లగొండలో. అక్కకు ఐదో నెల, అందుకని ఆమె రాలేదు. చిన్నాయన, అన్న, నేను బస్సులో పోయాం. గుట్ట కింద గ్రౌండు, నాలుగు గంటల ఎండ, కూర్చునే సిమెంటు మెట్లు పెనంలా కాలుతున్నాయి. ఆ మ్యాచితో మా కాగితపు ఆట కూడా ఆ సాలుకు అయిపోతుంది. నేను చిన్నాయన కంటే ఆరు పాయింట్లు వెనకున్నాను. ఆరంటే ఆరే. అంత దగ్గరికి నేను ఎప్పుడూ రాలేదు. బావ ఒకటి వేస్తే చిన్నాయన తొడ చరిచి రాసుకుంటున్నాడు. నా భాయి బెంచి మీద తువ్వాల మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు. అప్పుడు అనుకున్నాను. మనసులో కాదు, పెదవులు కదిలాయి, నాకు బాగా గుర్తు. "బావ కాలు జర బెణికితే బాగుండు." జర అన్నాను, కొంచెమే. ఆ జర అన్న మాటను పట్టుకొని తర్వాత ఎన్నేళ్లు వేలాడానో నాకే తెలుసు.

ఐదు నిమిషాలు కాలేదు. బావ బంతికి ఎగిరాడు. దిగేటప్పుడు అవతలి జట్టువాడి పాదం మీద దిగాడు. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. అంత జనంలో ఆ చప్పుడు మెట్ల మీది దాకా ఎట్లా వినిపించిందో ఇప్పటికీ అర్థం కాదు; అన్న తనకేమీ వినిపించలేదంటాడు. భాయి బెంచి మీది నుంచి ఉరికి వచ్చి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు బావను రెండు చేతుల మీద ఎత్తుకొని తెచ్చి గీత అవతల పడుకోబెట్టాడు. జీపు రావాలి. ఆ లోపల ఆట ఆగదు. సారు భాయి వీపు మీద తట్టి, "దిగు," అన్నాడు. భాయి దిగాడు. దిగిన వెంటనే చేతికి వచ్చిన మొదటి బంతిని రింగులో వేశాడు. చిన్నాయన, అన్న బావ దగ్గరికి ఉరికారు. నేను లేవలేదు. చిన్నాయన వదిలేసి పోయిన పుస్తకం తీసి రెండు పాయింట్లు రాసుకున్నాను. భాయి మళ్లీ వేశాడు, మళ్లీ రాశాను. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, చేయి రాస్తూనే ఉంది. ఒకసారి తలెత్తి చూస్తే గీత అవతల బావ లేడు. జీపు పోయింది. అప్పుడు పెన్సిలు కింద పెట్టాను. మా జట్టు గెలిచింది. పుస్తకంలో నేనూ గెలిచాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇంటికి వచ్చాక ఆ పుస్తకాన్ని నీళ్ల కాగు కింద పెట్టి కాల్చేశాను. నెల తర్వాత చిన్నాయన అన్నం తింటూ అలవాటు చొప్పున, "గిప్పుడు భాయి విలువ పద్దెనిమిది కట్టాలె," అన్నాడు. కూర వడ్డిస్తున్న అక్క గరిట పట్టుకొని అట్లనే నిలబడింది. మా ఇంట్లో ఆ ఆట మళ్లీ ఎవరూ ఆడలేదు.

బావ కాలుకు సిమెంటు పట్టీ ఉండగానే భాయికి పర్మినెంట్ ఆర్డరు వచ్చింది. ఖాలా మిఠాయి తెచ్చి గడపలోనే ఇచ్చి, అక్క చేతులు పట్టుకొని ఏడ్చింది. మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట భాయి వచ్చాడు. బావ అరుగు మీద కూర్చుని పట్టీ లోపలికి చీపురుపుల్ల దోపి గోక్కుంటున్నాడు. నేను చెంబుతో నీళ్లు తెస్తూ తలుపు చాటున ఆగిపోయాను.

"అన్నా, ఒక మాట చెప్పకుంటే నాకు అన్నం దిగుతలేదు," అన్నాడు భాయి.

"చెప్పు."

"బెంచి మీద కూసోని నేను రోజు అనుకునేటోన్ని. నీకేమన్న అయితే నాకు మోక దొరుకుతదని. ఒక్కదినం గాదన్నా. రోజు."

బావ పుల్ల బయటికి తీసి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "నా ముందటోని ఎనక నేను గూడ మూడేండ్లు కూసున్న. నేను గూడ గదే అనుకున్న. వానికి జలుబు గూడ రాలే." భాయి నవ్వబోయి, ముఖం రెండు చేతుల్లో పెట్టుకొని ఏడ్చాడు. బావ అతని తలమీద చేయి వేశాడు. గడప దాటి రెండడుగులు వేసి "నేను గూడ" అంటే ఆ రోజే అయిపోయేది. చెంబు గడప మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాను.

మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. శాఖలో బావను సామాన్ల గదికి మార్చారు. ఇంట్లో పరిచిన షాబాదు బండల మీద ఆయన నడక ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చినట్టు వినిపించేది. పెళ్లయి నేను ఎక్కడికి వెళ్లాననుకున్నారు? నల్లగొండకే. మా అత్తగారింట్లో ఎవరికీ కాలు నొప్పి లేదు. అయినా మధ్యాహ్నం ఒంటరిగా బియ్యం ఏరుతుంటే వసారాలో ఆ నడక వినిపించేది. చాట పక్కన పెట్టి లేచి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. మార్కెట్టుకు దగ్గరి దారి ఆ గ్రౌండు పక్క నుంచే. నేను చుట్టూ తిరిగి పోయేదాన్ని. మా ఆయన నాకు దారులు తెలియవనుకున్నాడు.

తొంభైల మధ్యలో బావ ఆఫీసు పని మీద నల్లగొండ వచ్చాడు. అన్నం తిని, "ఆ గ్రౌండు చూసొద్దాం పా," అన్నాడు. కాదనలేకపోయాను. మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పేశాను, పుస్తకం సంగతీ, నేను అనుకున్న సంగతీ. ఆయన కోర్టు వైపే చూస్తూ, "నాకు ఎరుకే," అన్నాడు.

"ఎట్ల ఎరుక?"

"అనుకున్నది ఎరుకలేదు. రాసుడు ఎరుక. జీపు కోసం పండుకొని చూస్తున్న. అందరు నా దిక్కే చూస్తున్నరు. నువ్వొక్కదానివే తల వంచుకొని పుస్తకంల రాస్తున్నవ్."

"కోపం రాలేదా బావా?"

"రాకేం? నీ పెండ్లి దాంక ఉండె. తర్వాత మోసి మోసి యాష్టకొచ్చి ఇడిశిపెట్టిన." అప్పుడు నా వైపు తిరిగి, "ఎన్ని రాసినవ్?" అన్నాడు.

"పద్నాలుగు."

"పదహారు. భాయి ఇప్పటికీ చెప్పుకుంటడు. ఆఖరుది నువ్వు రాయలే," అన్నాడు. కాలు చేతులతో ఎత్తి మెట్టు దించుకొని, "పా, ఎండ కొడ్తాంది," అన్నాడు. నీ తప్పేమీ లేదులే అని మాత్రం అనలేదు. అనలేదనే నాకు ఇప్పటికీ ఆయన మీద గౌరవం.

ఆ తర్వాత మూడేళ్లకు, సామాన్ల గదిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. నలభై దాటి ఎంతో కాలేదు. భాయి వచ్చి, ఎవరినీ అడగకుండా పాడె ఒక కొనకు భుజం పెట్టాడు. అతని ఎత్తుకు పాడె ఒక పక్కకు ఒరిగింది. ఎవరో పక్కకు జరగమన్నారు. అతను జరగలేదు. మోకాళ్లు వంచి, అట్లా వంగిన మోకాళ్లతోనే ఊరి చివరిదాకా నడిచాడు.

ఇప్పుడు చిన్నాయన లేడు. ఖాలా లేదు. భాయి రిటైరై ఆత్మకూర్‌లో ఉన్నాడు, వినికిడి తగ్గింది, ఫోన్ చేస్తే నేనెవరో రెండుసార్లు చెప్పాలి. అక్కకు నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఇంక ఏ కారణమూ మిగల్లేదు, చెప్పకపోవడానికీ మిగల్లేదు. ఏళ్లు గడిస్తే తప్పు అరిగి చిన్నదవుతుందనుకునేదాన్ని. అది ఉన్నంతే ఉంది. ఆ రోజును ఎరిగిన మనుషులను ఒక్కొక్కరిగా తీసుకుపోవడం తప్ప కాలం చేసిందేమీ లేదు.