మూడు నెలల గడువు మీద బతికిన మామ

మా మేనమామ పోయాడన్న టెలిగ్రాము హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటుకు వచ్చింది. పొద్దున పదిగంటల వేళ. వాచ్‌మన్ దాన్ని నా చేతికిచ్చి, నేను విప్పకముందే తల దించుకున్నాడు. చదివి మడిచి జేబులో పెట్టుకుని, సూపర్‌వైజరుకు చెప్పి కావేరిపట్టణం పోవడానికి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద అంటే వరసగా చెప్పగలను. డాక్టరు మీద, చుట్టాల మీద, కొంత ఆయన మీద కూడా. అందరికంటే ఎక్కువ నా మీద.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు తియ్యగా రాయాలంటారు. మా మామకు అలాంటి రాత నచ్చేది కాదు. పుచ్చిన కాయను పుచ్చు కనబడకుండా తిప్పి పేర్చేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట.

ఆయన పని మా పక్క అందరికీ తెలిసిందే, మీకు మాత్రం చెప్పాలి. కృష్ణగిరి, కావేరిపట్టణం వైపు మామిడి తోటలను పూత మీదే గుత్తకు ఇస్తారు. చెట్టు మీద కాయ పడకముందే ఆ తోట ఎన్ని లోడ్లు కాస్తుందో తేల్చుకోవాలి. తోట రైతు ఎక్కువంటాడు, గుత్తకు తీసుకునే వ్యాపారి తక్కువంటాడు. ఇద్దరూ నమ్మే మనిషి ఒకడు నడుమ ఉండి అంకె చెప్పాలి. ఆ మనిషి మా మామ. చేతులు వెనక కట్టుకుని తోటంతా ఒక చుట్టు తిరిగేవాడు. అక్కడక్కడా పూతకొమ్మ కింద అరచేయి పట్టి మెల్లగా తట్టి, రాలిన దాన్ని చూసేవాడు. చివరికి ఒకే ఒక అంకె. బేరం లేదు, రెండోమాట లేదు.

ఆ అంకె చెప్పేదాకా ఆ తోటలో ఆయన మంచినీళ్ళు కూడా ముట్టడు. ఎంత ఎండైనా సరే. నేను చిన్నప్పుడు ఒకసారి, ఎందుకు మామా అని అడిగాను. "ఇద్దరిలో ఎవురి నీళ్ళు తాగినా నాలిక ఆ పక్కకి వాలుతాదప్పా" అన్నాడు.

ఆయన అంకె తప్పిన ఏళ్ళు లేకపోలేదు. అలాంటప్పుడు కోత అయ్యాక తనే వెతుక్కుంటూ పోయి, రైతునూ వ్యాపారినీ ఒకచోట నిలబెట్టి, "తప్పినాను" అనేవాడు. అంతే, సంజాయిషీ ఏమీ ఉండేది కాదు. నేను పెద్దయ్యాక చూసిన ఆఫీసర్లలో ఒక్కరి నోటా ఆ మాట వినలేదు. నా నోట నేనూ వినలేదు. ఆ సంగతికి వస్తాను.

మా నాయన చనిపోతే నన్ను తెచ్చి కృష్ణగిరిలో చదివించింది ఆయనే. తను నాలుగో తరగతితో ఆపేసినా నన్ను మాత్రం ఇంగ్లీషు వదలనివ్వలేదు. "తెలుగు, అరవం, కన్నడం మనకు ఊరికే వచ్చినాయి. ఇంగ్లీషులో గూడా మనకొక నోరుండాలప్పా" అనేవాడు. ఆ నోరు నాది. నేను తింటున్న అన్నం ఆయన పెట్టిన చదువుదే. ఈ కృతజ్ఞత ఎంత చెప్పుకున్నా తరగదు, ఎంత చెప్పుకున్నా నా తప్పు కడగదు కూడా.

అరవై దాటాక ఆయనకు మూత్రం కట్టడం మొదలైంది. కృష్ణగిరి డాక్టరు బెంగుళూరు పొమ్మన్నాడు. అక్కడ ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అన్నారు. అది మగవాళ్ళకే ఉండే గ్రంథి అనీ, మగతనపు రసం ఊరితే అది ఇంకా పెరుగుతుందనీ చెప్పి, ఆ రసం ఊరే చోటును ఆపరేషను చేసి తీసేశారు. పైన రోజూ మాత్రలు. ఆ మాత్రలకు ఆయన రొమ్ములు ఆడవాళ్ళకు మల్లే ఉబ్బాయి. అప్పటినుంచీ ఎండలోనూ ఇంట్లోనూ తువ్వాలు ఛాతీ మీద కప్పుకునే తిరిగాడు. "మీసం ఒగటి మిగిల్చినారు, పుణ్యాత్ములు" అని మాతో నవ్వేవాడు గానీ, ఏట్లో నలుగురితో స్నానానికి పోవడం ఆ రోజుతో సరి.

ఆపరేషను ఒక్కరోజు బాధ. అసలు బాధ తర్వాత వచ్చింది. మూడు నెలలకొకసారి బెంగుళూరు పోయి రక్తం ఇచ్చి, వెన్నెముకకు ఎక్స్‌రే తీయించుకుని, డాక్టరుకు చూపించుకోవాలి. ముందురోజు సాయంత్రానికి ఆయన హోసూరులో మా ఇంటికి వచ్చేవాడు. తెల్లారి మొదటి బస్సుకు ఇద్దరం బయలుదేరేవాళ్ళం. రాష్ట్రం సరిహద్దున జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక బస్సు ఆగేది. అక్కడిదాకా లోకం సంగతులన్నీ మాట్లాడేవాడు, చెక్‌పోస్టు దాటితే నోరు విప్పేవాడు కాదు.

మధ్యాహ్నానికి రక్తం రిపోర్టు వచ్చేది. అంతవరకూ ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టడు. తినొచ్చు తాతా అని నర్సు కసిరినా సరే. తోటలో పాటించిన నియమం ఆస్పత్రి బెంచీ మీద కూడా పాటించాడు. ఆయన పక్కన కూర్చుని నేనెలా తింటాను?

ఆ డాక్టరు ఏ రాష్ట్రం వాడో, ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. కాగితం చూసి, "ఇప్పటికి బాగుంది, మూడు నెలల తర్వాత రండి" అనేవాడు. "పోయిందా లేదా, అది అడుగు" అనేవాడు మామ. నేను అడిగేవాణ్ణి. "ఇప్పటికి కనబడడం లేదు. పోయిందని చెప్పలేను. వస్తుందో రాదో కూడా చెప్పలేను" అనేవాడు డాక్టరు. నేను అదే తెలుగులో చెప్పేవాణ్ణి. నాలుగేళ్ళు ఇదే పాట.

బయటికి వచ్చాక మామకు కోపం పొంగేది. "పూత జూసి కాయ చెప్తాను నేను. ఆయప్ప లోపలంతా జూసి గూడా ఒగ మాట చెప్పలేడా? తప్పితే తప్పినానని అననీ, నేనేమన్నా తలకాయ తీస్తానా?"

నిజానికి ఆ మూడు నెలల్లో ఆయన బతికింది ఒక నెలే. బెంగుళూరు నుంచి వచ్చిన కొత్తలో కాస్త నవ్వుతూ తిరిగేవాడు. రెండో నెలకు నడుం పట్టుకుని చూసుకోవడం మొదలు. మూడో నెలలో గోడకు వీపు ఆనించి నిలబడి, మా అత్తను పిలిచి వెన్నుపూస ఒక్కొక్కటే నొక్కించుకునేవాడు. "ఈడ నొప్పుండాది. లేదులే, ఈడ గాదు." ఆమె మెల్లగా నొక్కితే గట్టిగా నొక్కమనేవాడు, గట్టిగా నొక్కితే చూశావా నొప్పి అనేవాడు. ఆమె సహనానికి దండం పెట్టాలి.

చుట్టాలు మరీ ఘనులు. రాయకోటలో ఒక పెళ్ళికి పోతే దగ్గరివాడే ఒకడు పదిమందిలో, "ఏం మామా, ఇంగా ఉండావా? బాగుండాది బాగుండాది" అన్నాడు. వాడి నోట్లో మన్నుపొయ్య. మామ విస్తరి ముందు నుంచి లేవలేదు, ముద్ద మింగనూ లేదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకు పోలేదు.

అన్నిటికంటే నాకు కష్టమనిపించింది, ఆయన తోటల్లోకి పోవడం మానేయడం. ఎవరు పిలిచినా ఒకే జవాబు. "నా ఒంట్లో ఏముండాదో నాకే తెలీదు. ఊరోళ్ళ చెట్టు సంగతి నేనేం జెప్పేది?" పూత కాలమంతా ఇంట్లో కూర్చునేవాడు. గాలికి ఆ వాసన వస్తే లేచి కిటికీ మూసేవాడు.

నాలుగో ఏడు పూత విరగబూసింది. ఒక పెద్ద తోట దగ్గర రైతుకూ వ్యాపారికీ మాట కుదరక, ఇద్దరూ కలిసే మామ గడపలోకి వచ్చారు. ఆయన అన్నాడు: "వచ్చే వారం బెంగుళూరు పోతాండాను. ఈ తూరి పోయిందంటే మీ తోటకొస్తా. లేదంటే ఇంగ నా కొంపకి ఎవురూ రావద్దు."

ఆ రోజు డాక్టరు చెప్పింది మామూలు మాటే. మామ నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను ఆయన వైపు తిరిగి, "పూర్తిగా పోయిందంట మామా" అన్నాను. ఆ అబద్ధానికి కాపలాగా ఇంకొకటి చేర్చాను: "ఇంక రావాల్సిన పని లేదంట."

జాలితో అన్నానని మీరు అనుకోవచ్చు. సగం జాలే. మిగతా సగం, నా సెలవులన్నీ ఆస్పత్రి బెంచీల మీద ఖర్చయిపోతున్నాయి. ఆ ఆకలీ, ఆ బస్సూ, ఆ "చెప్పలేను" అనే మాటా నాకు విసుగు పుట్టించాయి. ఆయన లేచి డాక్టరుకు రెండు చేతులా దండం పెట్టాడు. ఎందుకో తెలియక డాక్టరు నవ్వాడు. బయటికి వచ్చి మామ ఆస్పత్రి కుళాయి కింద దోసిలి పట్టి కడుపు నిండా నీళ్ళు తాగాడు.

ఆ ఏడు ఆయనను చూసినవాళ్ళు అదృష్టవంతులు. ఛాతీ మీద తువ్వాలు తలకు ఎక్కింది. కావేరిపట్టణం చుట్టూ ఏ తోటలో చూసినా ఆయనే. దూరంనుంచే నన్ను చూపించి, "నా అల్లుడు ఇంగ్లీషులో అడిగి కనుక్కున్యాడు, పోయిందంట" అని చెప్పేవాడు. అప్పుడు నేను చెప్పుల వైపు చూసుకునేవాణ్ణి. ఎందుకు రాలేదని ఆస్పత్రి నుంచి కార్డులు నా చిరునామాకే వచ్చేవి. చించి పారేశాను. ఆయన ముఖం చూసినప్పుడల్లా చేసింది మంచిపనే అనుకున్నాను.

మరుసటి పూతకు నడుం నొప్పి వచ్చింది. ఈసారి ఆయన భయపడలేదు. పోయింది కదా. నువ్వులనూనె రాయించుకుని, ఇసుక మూటతో కాపడం పెట్టించుకుని రెండు నెలలు గడిపాడు. కాళ్ళు పట్టు తప్పాక నాకు కబురు వచ్చింది. బెంగుళూరులో డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి, ఏడాదిగా ఎక్కడికి పోయారు మీరు అని నన్ను గట్టిగా అడిగాడు. "ఏమంటాండాడప్పా?" అన్నాడు మామ. "ఆలస్యమైందంట" అన్నాను. ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. తోటలో పూతను చూసే చూపే అది. మళ్ళీ ఏమీ అడగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

ఆఖరి వారాల్లో ప్రతి ఆదివారం పోయి మంచం పక్కన కూర్చున్నాను. ఒక్క మాట చెప్పాలి, తప్పినాను అని. ఆయన ఎంతమంది ముందు ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట. దానికి బదులు, ఫ్యాను తిప్పనా మామా అని అడిగేవాణ్ణి.

కర్మలన్నీ అయ్యాక ఒక్కణ్ణే డాక్టరు దగ్గరికి పోయాను. జరిగిందంతా చెప్పి, మూడు నెలలకొకసారి తెచ్చి ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "చెప్పలేను. మందు మార్చి చూసేవాళ్ళం. ఇంకొంత కాలం ఉండేవాడేమో, ఉండేవాడు కాదేమో" అన్నాడు.

నేరుగా కావేరిపట్టణం పోయాను. మా అత్త మిద్దె మీద, గాలికి రాలిన పచ్చికాయలు కోసి ఒరుగులకు ఎండబెడుతోంది. నిలబడే మొత్తం చెప్పాను, ఆనాటి అబద్ధం, కార్డులు, ఈ రోజు డాక్టరు అన్నది. ఆమె చేతిపని ఆపకుండా విన్నది.

"చెప్పలేనన్న్యాడా" అంది. "నాలుగేండ్లు ఆ మాటే గదప్పా ఆయన విన్యాడు. తిట్టుకున్యాడు, ఏడ్చినాడు, ఓర్చుకున్యాడు. ఓర్చుకోలేనోడివి నువ్వు."

ఆమె ఇంకో వరస ముక్కలు తిరగేసి తలెత్తింది.

"రవంత పక్కకి జరుగు. నీ నీడ పడతాండాది ఒరుగుల మీద."

జరిగాను. నేను నిలబడిన చోట ఎండ పడింది.