ఫైబర్ గడిలో నా గర్జన

పరువు పోవడానికి మామూలుగా కొంత కాలం పడుతుంది. మా వంశం పరువుకు మూడు తరాలు పట్టింది. నాది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం, వేములవాడ రోడ్డు మీద, ఐస్‌క్రీం తింటున్న జనం ముందు పోయింది. ఎవరో తీస్తే పోలేదు. నేనే మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని మరీ పోగొట్టుకున్నాను. చదివి నవ్వండి, అది మీ హక్కు. నేనైతే ఇప్పటికీ ఆ రోడ్డున బస్సులో వెళ్ళాల్సి వస్తే కిటికీ పక్కన కూర్చోను.

మాది హుస్నాబాద్ వైపు ఒకప్పటి దొరల కుటుంబం. భూములు పోయాయి, కోటలాంటి మా గడి కూలింది, దాని టేకు తలుపులు ఎవరింటికో చేరాయి. నాకు మిగిలినవి కరీంనగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, మా తాతగారి గొంతు, ఎక్కడా వంగని వెన్నెముక. ఆ వెన్నెముకతో స్కూటర్ మీద పోతుంటే, వెనక నుంచి చూసినవాళ్ళు ఎవరో కరెంటు స్తంభాన్ని నిలబెట్టి తీసుకెళ్తున్నారనుకునేవారు.

ఆ రోజుల్లో మల్లేశం అనే ఆయన దుబాయి నుంచి తిరిగొచ్చి వేములవాడ రోడ్డు మీద ఒక వినోదాల పార్కు కట్టాడు. దుబాయిలో అలాంటి పార్కులోనే, దొంగల గుహ దర్వాజా దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసిన మనిషి. ఇక్కడ గుహకు బదులు ఫైబర్‌తో గడి కట్టించాడు. బురుజులు, నడుమ బండలు పరిచిన వాకిలి, దర్బారు, పైన మేడ. పద్ధతులు తెలిసినవాడు కావాలని నన్ను పిలిచాడు.

"రావుసాబ్, గీ గడిల అడుగు వెట్టంగనే జనం పాత జమానల వడాలె. మీరే జర చూసుకోవాలె."

జీతం కోసం ఒప్పుకున్నానని మీరు అనుకోవచ్చు. జీతం కోసమూ ఒప్పుకున్నాను. కానీ అసలు ఆశ వేరు. మా తాతగారు వీధిలోకి వస్తే ఊరు ఊరంతా లేచి నిలబడేదని వింటూ పెరిగినవాణ్ణి. నన్ను చూసి బస్సులో సీటు ఇచ్చేవాడు కూడా లేడు. ఫైబర్‌దైతేనేం, ఆ గడిలో మా తాతగారి పేరు చెప్పగానే జనం ఒక్కసారి లేచి నిలబడితే కళ్ళారా చూడాలనుకున్నాను.

వెంటనే పనిలోకి దిగాను. దర్బారు చుట్టూ తాళ్ళు కట్టించాను. 'ముట్టరాదు', 'కూర్చోరాదు', 'గట్టిగా మాట్లాడరాదు' అని బోర్డులు పెట్టించాను. గోడ నిండా మా వంశవృక్షం రాయించాను. మల్లేశం వచ్చి, తల పైకెత్తి మా ముత్తాతల దాకా చూసి, నోరు తెరిచాడు.

"రావుసాబ్, గిది పార్కా, రిజిస్ట్రార్ ఆఫీసా?"

"చరిత్ర మల్లేశం, చరిత్ర!"

"జనం చూడనీకి రారు. చూసుడు ఫోన్ల సుత అయితది. ఈడ వాళ్ళకు ఏదన్న ఏషం ఇయ్యాలె, పని చెప్పాలె. మా గుహల గంతే ఉండె. బయట టై కట్టుకున్నోడు లోపట దొంగైతుండె. నవ్వుకుంట, ఒకల చెయ్యి ఒకలు వట్టుకొని బయటికొస్తుండిరి."

"మా గడిలో దొంగలుండరు. వచ్చినవాళ్ళకు మర్యాద నేర్పుదాం."

"టికెట్ కొనుక్కొని మర్యాద నేర్చుకుంటరా?"

నేను వెళ్ళి 'వాదించరాదు' అని ఇంకో బోర్డు పెట్టించాను. మా వంశంలో ఓడిపోయే వాదనలకు అలాంటిదే జవాబు.

పార్కు తెరిచిన ఆదివారం వచ్చింది. వేములవాడ గుడిలో రాజన్న దర్శనం చేసుకుని వెనక్కి పోయే జనం గుండు మీద గంధంతో, చేతిలో కొబ్బరి చిప్పలతో దిగారు. నేను తలపాగా, చేతికర్రతో మేడ మీద నిలబడి, మైకులో మా వంశ చరిత్ర మొదలుపెట్టాను. మొదటి తరానికి జనం విన్నారు. రెండో తరానికి ఆవలించారు. మూడో తరం దగ్గరికి వచ్చేసరికి కింద నుంచి ఒకరు అరిచారు.

"అన్నా, జర జల్ది చెప్పు! మా బస్సు పోతది!"

ఇంతలో ఒక పెద్దమనిషి తాడు కింద నుంచి దూరి, దర్బారులోని దొర కుర్చీలో కూర్చుని, మిర్చి బజ్జీ తింటూ సెల్ఫీ దిగాడు. అది సహించాను. తర్వాత నూనె చేతిని కుర్చీ మీది పట్టు గుడ్డకు తుడిచాడు.

"ఎవడ్రా వాడు! దిగు!"

ఆ గొంతు నాది కాదు, మా తాతగారిది. పైగా మల్లేశం మైకుకు పెట్టించిన ప్రతిధ్వని యంత్రం దాన్ని బురుజు నుంచి బురుజుకు దొర్లించింది. వాకిలంతా జనం తలెత్తి మేడ వైపు చూశారు. మరుక్షణం ఈలలు, చప్పట్లు! కుర్చీలోని మనిషి ఎగిరి దూకాడు.

"దిగిన దొరా, దిగిన!"

"ఇంకోపారి ఒర్రు అన్నా! ఇంకోపారి!"

మల్లేశం మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. "గిదే రావుసాబ్, గిదే కావాలె! ఆపకుండ్రి! వాళ్ళకు ఏదన్న పని చెప్పుండ్రి!"

గడి ముందు జనం చేసే పని నాకు తెలిసింది ఒకటే. దొరల కాలంలో ఆ దారిన పోయేవాళ్ళు చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని పోవాలి. మా ఇంట్లో దాన్ని మర్యాద అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

"చెప్పులు తియ్యిండ్రి! చేతుల వట్టుకొని నడువుండ్రి! తలకాయలు దించుండ్రి!"

తీశారండీ! కాలేజీ పిల్లలు, కొత్త పెళ్ళికూతుళ్ళు, గుండు పెద్దమనుషులు, అందరూ కిలకిలా నవ్వుతూ చెప్పులు చేతబట్టారు. ఎండకు కాలిన బండల మీద పేలాల్లా ఎగిరారు. "తప్పయింది దొరా!" అని ఒకరినొకరు వీడియో తీసుకున్నారు. మేడ మీద నేను పొంగిపోయాను. అతిథిని ఆటలోకి దించడమంటే ఇదే కదా! ఆ నిమిషాన నాకంటే గొప్ప పార్కు కళాకారుడు దుబాయిలో కూడా లేడు.

దండాలు అందుకుందామని కర్ర తాటిస్తూ కిందికి దిగాను. జనం నవ్వుతూ దారి ఇచ్చారు.

గోడ వారగా ఒక ముసలమ్మ నిలబడి ఉంది. కాళ్ళు కాలుతున్నా ఎగరడం లేదు. చెప్పులు రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. తల నేలకు దించింది. వాకిలి మొత్తం మీద నవ్వని మనిషి ఆమె ఒక్కతే. పక్కనే మనవరాలు ఆమె భుజం పట్టి కుదుపుతోంది.

"అమ్మమ్మా, గది ఆటనే! చెప్పులు ఏస్కో, కాళ్ళు కాల్తున్నయ్."

"ఆటని నాకెర్క లేదా బిడ్డా? గీ చేతులకే ఎర్క లేదు. ఆ ఒర్రుడు ఇనంగనే వాటంతట అవే తీసినయ్."

చెప్పులు కింద పడేసి తొడుక్కోబోయింది. రెండుసార్లు ప్రయత్నించినా కాలు పట్టీలోకి దూరలేదు.

ఊరు ఊరంతా లేచి నిలబడేదని మా ఇంట్లో చెప్పేవారు. ఎలా నిలబడేదో ఎవరూ చెప్పలేదు.

మనవరాలు వంగి చెప్పు తొడిగింది. ముసలమ్మ తల ఎత్తి నన్ను తలపాగా నుంచి కాళ్ళ దాకా చూసింది.

"నువ్వేనా ఒర్రింది? అచ్చం మా దొర లెక్కనే ఒర్రినవ్ కొడుకా. ఏడ నేర్సినవ్?"

చూశారా? జన్మంతా నేను ఎదురుచూసిన ప్రశ్న! తాతగారి పేరు నాలుక చివర ఉంది. జనం చెవులు నా వైపే ఉన్నాయి. నోరు తెరిచాను.

"టీవీల చూసి, అవ్వా."

వెనక ఉన్న మల్లేశం నా వైపు చూసి, వెంటనే అవతలికి చూశాడు.

ముసలమ్మ జాలిగా నిట్టూర్చింది. "పొట్టకోసం ఎన్ని ఏషాలెయ్యాలెనో!" అని సంచిలోంచి కొబ్బరి ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "రాజన్న పరసాదం, తిను. గీ ఏషం ఇడ్సిపెట్టు కొడుకా. నిన్ను చూస్తే మంచి ఇంటి పిలగాని లెక్క ఉన్నవ్."

ఆ కొబ్బరి ముక్క నమలడానికి నాకు చాలాసేపు పట్టింది.

సాయంత్రం మల్లేశం అడిగాడు. "వచ్చే ఆదివారం సుత గట్లనే ఒర్రుతరా? జనానికి మస్తు నచ్చింది."

"అందుకే ఒర్రను," అని తలపాగా ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

కనుక పాఠకులారా, పోయిన భూముల మీద, కూలిన గడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఆ గొంతు ఎక్కడ నేర్చావని ఇకపై ఎవరడిగినా అబద్ధం ఆడను. ఫలానా దొర మనవణ్ణని, తలదించుకునైనా సరే, నిజమే చెబుతాను. అయితే ఎవరూ అడిగే అవసరం రాకుండా ప్రస్తుతానికి చాలా మెల్లగా మాట్లాడుతున్నాను. ఎంత మెల్లగా అంటే, కూరగాయల మార్కెట్లో నా బేరం ఎవరికీ వినపడక, చెప్పిన ధరకే కొనుక్కొస్తున్నాను.