రెండు గంటలకు ఒక్క పేజీ

ఆ తరగతిలో నాతో చదివినవాళ్ళు ఈమధ్య ఎక్కడ కలిసినా ఒకే మాట అంటున్నారు: అలాంటి స్వేచ్ఛ మళ్ళీ ఎక్కడా దొరకలేదని. విని ఊరుకుంటే అదే నిజమైపోతుందేమోనని ఇది రాస్తున్నాను. నాకు గుర్తున్నది స్వేచ్ఛ కాదు, గోడవైపు కుర్చీ. అందులో కూర్చున్నాక బయటికి రావాలంటే పక్కన ముగ్గురు లేవాలి.

అవి తొంభైల మధ్య సంవత్సరాలు. జనక్‌పురిలో రెండు గదుల ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. తెనాలి వైపు నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడింది. నాకు ఫలానా పుస్తకం చదవమని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. కాలనీ లైబ్రరీలో తలుపు పక్క బీరువా పై అరతో మొదలుపెట్టి, చరిత్ర అంతా అయ్యాక నవలల్లోకి దిగి, ఇంటర్ నాటికి కిటికీ దాకా వచ్చాను. ఏది ముందు చదవాలో తెలియక అన్నీ చదివేశాను. ఆ చదువంటే నాకు ఇప్పటికీ గర్వమే.

బీఏ మొదటి ఏడాది మా కాలేజీలో, మూడేళ్ళూ సాగే ఒక చిన్న క్లాసు పెట్టారు. చరిత్ర చెప్పే సారు, సాహిత్యం చెప్పే మేడమ్ ఒకే బల్ల దగ్గర కూర్చుని కలిసి చెబుతారు. ఎనిమిదిమందినే తీసుకుంటారు. ఫిబ్రవరిలో అందులోంచి కొందరిని తిరిగి పెద్ద క్లాసుకు పంపేస్తారు. ఇంటర్వ్యూలో గుక్క తిప్పుకోకుండా పుస్తకాల పేర్లు చెప్పి సీటు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అమ్మ దగ్గర గొప్పలు పోయాను.

“అంత గొప్ప క్లాసైతే, ఫిబ్రవరిలో వాళ్ళు నిన్ను ఉంచుకుంటే చదూకో,” అంది అమ్మ. “ఉంచుకోకపోతే మాత్రం జులైలో నర్సింగ్‌లో చేరాలి. మేట్రన్ గారితో మాట్లాడి పెట్టా.”

“ఉంచుకోకపోవడమేంటి? నాకంటే ఎక్కువ చదివినోళ్ళు అక్కడెవరున్నారు?”

“మరింకేం? ఒప్పుకోడానికి భయమెందుకే?”

ఒప్పుకున్నాను.

మొదటి రోజు సారు అందరికీ ఒక్కో జిరాక్స్ కాగితం పంచారు. ఒక్క పేజీ. రెండు గంటలూ దాని గురించే మాట్లాడాలన్నారు. నేను ఉత్సాహంగా అందుకున్నాను. “సార్, దీని గురించే ఇంకో పుస్తకంలో...”

“ఆ పుస్తకం ఈ బల్ల మీద ఉందా?”

“లేదు సార్.”

“అయితే మనకది తెలియదు.”

అందరూ నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వకుండా ఆ గది పద్ధతి చెప్పింది. మాట్లాడదలచినవాళ్ళు ముందు పేజీలో ఒక వరుస మీద వేలు పెట్టాలి. వేలు పెట్టలేని మాట చెప్పకూడదు.

నా చదువంతా ఆ తలుపు బయటే ఆగిపోయింది. మిగతావాళ్ళు ఒక్క విశేషణం పట్టుకుని అరగంట లాగేవారు. రోజుకో పుస్తకం దాటే నాకు ఒక వరుస మీద నిలబడడం చేతకాలేదు. నోరు తెరిస్తే ఇంకో పుస్తకమే వచ్చేది. పక్క కుర్చీలో పంజాబీ అమ్మాయి నా చెవిలో, “అరే యార్, తేరీ ఉంగ్లీ కహాఁ హై?” నీ వేలెక్కడే, అని గొణిగేది. కొన్నాళ్ళకు నోరు తెరవడమే మానేశాను. చలికాలం కావడంతో తలుపు వేసి హీటర్ పెట్టేవారు. ఎవరో తిన్న కమలాపండు తొక్కల వాసన, మాసిన స్వెటర్ల వాసన. కిటికీ ఉంది గాని, దాని అవతల ఇంకో గోడ. ఇంటికెళితే అమ్మ రోజూ అడిగేది, “ఇవాళేం చెప్పావమ్మాయ్?” అని.

జనవరి చివర్లో, పేజీ గురించి ఒక్కరే చెప్పాల్సిన వంతు నాకు వచ్చింది. పేజీ వారం ముందే చేతికిచ్చారు. పైన, కోస్తాలో వచ్చిన ఒక కరువు గురించి తెల్లదొరగారొకాయన రాసిన నివేదికలో ఒక పేరా. కింద, అదే ప్రాంతంలో ఆడవాళ్ళు తిరగలి విసురుతూ పాడుకున్న పాట, ఇంగ్లీషు అనువాదంలో. నేను పేజీని మడిచి సంచిలో పెట్టుకుని లైబ్రరీకి పరిగెత్తాను.

“బేటీ, ఇమ్తిహాన్ హై క్యా?” పరీక్షలా అని అడిగాడు లైబ్రరీ అంకుల్, నేను దించిన పుస్తకాలు చూసి.

“నహీఁ అంకుల్, ఏక్ పేజ్ పఢ్‌నా హై.”

“ఏక్ పేజ్ కే లియే ఇత్నీ కితాబేఁ?” ఒక్క పేజీకి ఇన్ని పుస్తకాలా అన్నాడు.

ఆ వారమంతా కరువుల గురించి దొరికిందల్లా చదివాను. పేజీ మాత్రం మడత విప్పలేదు.

ఆ రోజు మొదలుపెట్టాను. వానలు, పన్నులు, ఓడల్లో వెళ్ళిపోయిన ధాన్యం. వేలు ఒళ్ళోనే ఉంది. సారు ఆపలేదు. ఆపి ఉంటే బాగుండేది. కాసేపటికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. చెప్పేవాళ్ళు ఆగిపోయినా గంట కొట్టేదాకా పేజీ వాళ్ళదే, ఇంకెవరూ అందుకోకూడదు. ఇంకా గంటన్నర మిగిలే ఉంది. నర్సింగ్ హాస్టల్ మంచాల వరస నాకు కళ్ళకు కట్టింది.

“నీళ్ళు తాగొస్తాను,” అని లేవబోయాను.

“బైఠ్ జా,” అంది పక్కమ్మాయి, కదలకుండా. “మైఁ నహీఁ ఉఠూఁగీ.” కూర్చో, తను లేవనంది.

కూర్చున్నాను. సారు ముఖం చూడలేక, మేడమ్ ముఖం చూడలేక పేజీ చూశాను. అదే మొదటిసారి. నివేదికలో జనం సంతకు తెచ్చి అమ్ముకున్న వస్తువులు వరసగా ఉన్నాయి: ఇత్తడి బిందెలు, తలుపు చెక్కలు, తిరగళ్ళు. మళ్ళీ చదివాను. వేలు పెట్టాను.

“తిరగళ్ళు అమ్మేశారు,” అన్నాను. కింద పాట మీద రెండో వేలు పెట్టాను. “మరి ఈ పాట దేన్ని తిప్పుతూ పాడారు?”

“పాట కరువుకు ముందుది కావచ్చు,” అన్నారు సారు.

“కావచ్చు. కానీ ఇందులో గింజ మాటే లేదు. రాయి తిరగమని బతిమాలడమే ఉంది,” అంది మేడమ్.

“తేదీ లేకుండా దాన్ని సాక్ష్యం అనలేం.”

“నేను సాక్ష్యం అన్నానా? పాట అన్నాను!”

గంట కొట్టినా ఇద్దరూ ఆపలేదు. నన్ను మర్చిపోయారు.

ఫిబ్రవరిలో మేడమ్ నన్ను వరండాలో ఆపి, “నువ్వు ఉంటున్నావు. మొదట చెప్పినదాని కోసం మాత్రం కాదు,” అంది. సంతోషించాను. బస్సెక్కాక అర్థమైంది, ఇంకో రెండేళ్ళు అదే కుర్చీ అని. లైబ్రరీకి వెళ్ళి నవల తెరిస్తే మొదటి పేజీ దాటడానికి సాయంత్రమంతా పట్టింది. వెనకటి పరుగు మళ్ళీ రాలేదు. వాళ్ళంతా స్వేచ్ఛ అంటున్నది దీన్నేనేమో, నాకు తెలియదు.

అమ్మ “ఉంచుకున్నారా?” అని అడిగి, “సర్లే,” అంది. నన్ను తీసేస్తారనే ఆమె నమ్మినట్టుంది. పక్కింట్లోంచి మేట్రన్ గారికి ఫోన్ చేసి, “మా అమ్మాయి రావట్లేదండీ,” అని ముక్తసరిగా చెప్పి పెట్టేసింది.

సాయపడ్డవాళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉంది గాని, అడిగితే అందరూ తమ పేరు వేయొద్దన్నారు. కాబట్టి సారుకీ మేడమ్‌కీ, ఆ రోజు రాజీ పడనందుకు. పంజాబీ అమ్మాయికి, లేవనందుకు. లైబ్రరీ అంకుల్‌కి. ఇచ్చిన మాట మీద నిలబడిన అమ్మకి. ఇంకా, నాకోసం మాట్లాడి పెట్టిన ఆ నర్సింగ్ సీటులో జులైలో చేరిన అమ్మాయికి. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆమె చేరిపోయింది కాబట్టే మా అమ్మ నన్ను నర్సింగ్‌కి రమ్మని రెండోసారి అడగలేదు.